రెండో బంతి

అలివేలు వచ్చి గోడవారగా బల్ల మీద కూర్చునేసరికి దస్తగిరమ్మ మూడువందల నలభయ్యో చెక్కకు తోడు కూర్చోబెడుతోంది. చూపుడువేలు పలక మీద ఒక సంఖ్యను తాకుతుంది. బొటనవేలు దాని పక్కన ఒక సున్నాను దించుతుంది. ఆ జోడీ పైకి జరిగిపోయి ఇంకోటి వస్తుంది. ఒక్కో జోడీకి మూడు సెకన్లు, మహా అయితే నాలుగు. పక్కన గ్లాసులో టీ చల్లారి మీగడ కట్టింది.

"కూర్చోండి మేడం," అంది దస్తగిరమ్మ తల ఎత్తకుండానే. "ఇది పంపించినాక మాట్లాడుకుందాం. మధ్యలో నిలబడితే యాడున్నానో మర్చిపోతా."

అప్పటికి తొమ్మిదీ పది. గుండ్లవంక వానకచేరి అంటే ఒకటే గది, ఒకటే కిటికీ, గోడ నిండా ఊరి పటం. పటంలో వెయ్యిన్నూట అరవై నాలుగు చెక్కలు, ఒక్కోటీ ఒక చేని ముక్క, చెక్కకో చుక్క. నేలలో దిగేసిన చెమ్మసూదులు ఏం చెబితే చుక్క ఆ రంగుకు మారుతుంది. తడిసిన మర్నాడు పచ్చగా కళకళలాడే పటం ఇప్పుడు ఇటికరంగుకు తిరిగింది. వాన పడి పదిహేను రోజులైంది. ఇవాళ గుండ్లవంక వంతు. పన్నెండు లోపు అడుగు, అంటే వాన కోరే చీటీ, పంపితే, వానను పంచే కోశం యంత్రం ఒప్పుకుంటే, మధ్యాహ్నానికి గాలిపడవలు ఒక వాన తెరను లాక్కొచ్చి ఊరి మీద దించుతాయి.

అలివేలు వానకోశం ప్రధాన కచేరిలో కట్టరి. ఏడువందల పదమూడు ఊళ్లలో వాన అడిగేది అడుగరులు. ఆ అడుగు వేయికట్టు దాటకుండా కాసేది కట్టరులు. ఒక అడుగులో వెయ్యి చెక్కలకు మించి పట్టవు. ఆకాశం ఒక్కసారికి ఇవ్వగలిగింది అంతేనని బళ్లోనే చెబుతారు, పిల్లలు పద్యంలా వల్లిస్తారు. వెయ్యి దాటినవాళ్లది రెండో బంతి. వాళ్ల అడుగు వేరే వరసలో నిలబడాలి, వంతు రావడానికి ఇంకో పదిహేను రోజులు, ఒక్కోసారి ఇరవై. పెళ్లిభోజనాల్లోనే రెండో బంతికి అప్పడాలు విరిగినవి వస్తాయి. వానలో రెండో బంతి సంగతి వేరే చెప్పాలా.

గుండ్లవంక అడుగు ఏనాడూ కట్టు దాటలేదు. కానీ గుండ్లవంకలో తడిసిన చెక్కలు మాత్రం నాలుగేళ్లుగా ప్రతిసారీ వెయ్యిన్నూట అరవై నాలుగే. ఈ తేడా అలివేలు కంట పడి మూడు నెలలైంది. ఆ మూడు నెలలూ కోశం అరలన్నీ గాలించి చివరికి కన్నం ఎక్కడుందో పట్టుకుంది. ఇవాళ పది గంటలకు అది మూసుకుపోయేలా ఒక అతుకు తయారుచేసి, ముద్ర వేసి, తెల్లారగట్ల బండెక్కింది. కన్నం వేసిన దొంగ మొహం చూడాలని ఆమెకు మహా ఆశగా ఉండింది.

ఇప్పుడా దొంగ యాభై అయిదేళ్ల వయసులో, కళ్లద్దాలు ముక్కు కొసకు జారి, పెదాలతో ఏదో లెక్క గొణుక్కుంటూ కూర్చుని ఉంది. వేళ్లు మాత్రం ఆగడం లేదు. పలకలు రోజూ సాయంత్రం తుడుచుకుపోతాయి కాబట్టి ప్రతి అడుగుకీ ఈ జోడీలన్నీ మొదటినుంచీ చేత్తో కట్టాల్సిందే. నాలుగేళ్లు, పదిహేను రోజులకోసారి, వెయ్యిన్నూట అరవై నాలుగు జోడీలు. అలివేలు మనసులోనే గుణించి, మధ్యలో వదిలేసింది.

"ఆ సున్నా ఎందుకు పెడుతున్నారు?" అని అడిగింది, తెలియనట్టు.

దస్తగిరమ్మ నవ్వింది. దాచే ఉద్దేశం ఆమెకు లేశమైనా ఉన్నట్టు లేదు. "తోడుపెండ్లికొడుకు మేడం. ఒకనాడు వేలు జారి ఒక చెక్క పక్కన సున్నా పడింది. సూస్తే, కోశం ఆ చెక్కను లెక్కలోకి తీసుకోలే, వాన మాత్రం ఇచ్చింది. ఇదేందిరా అనుకున్యా. ఒంటరిగా వచ్చినోళ్లను లెక్కబెడతాది, జోడీగా వచ్చినోళ్లను లెక్కబెట్టేది దానికి రాదు. అంతే కత."

కోశం కట్టిన మహా ఇంజినీర్ల కళ్లు కప్పిన సంగతి. కనిపెట్టడానికి తనకు మూడు నెలలు, నాలుగు యంత్రాలు కావలసి వచ్చాయి. ఈవిడకు వేలు జారడం సరిపోయింది. వేలు అందరికీ జారుతుంది, జారినప్పుడు ఏం జరిగిందో ఆగి చూసేవాళ్లే ఉండరు. అలివేలుకు లోపల ఎక్కడో మెచ్చుకోలు పుట్టింది. పట్టుకోవడానికి వచ్చిన మనిషిని మెచ్చుకోవడం ఇబ్బందిగా కూడా అనిపించింది.

తొమ్మిదిన్నరకు గడప బయట చెప్పులు వదిలిన చప్పుడైంది. అరవై ఏళ్ల రైతు లోపలికి వచ్చి, వేళ్లతో సహా పీకిన వేరుశనగ మొక్కను బల్ల మీద పెట్టాడు. పేరు ఓబులేసు.

"సూడు దస్తగిరమ్మా. ఊడలు దిగే పొద్దు ఇది. నేల రాయి మాదిరి అయిపాయ. మొన లోపలికి పోలేక ఆడికాడికే మాడిపోతాండాది."

అలివేలు వంగి చూసింది. పూత రాలిన చోటినుంచి కిందికి దిగిన సన్నటి ఊడలు, ఒక్కోటీ సూదంత, మట్టిలోకి దూరితేనే కొసన కాయ కడతాయి. వీటిలో సగం గాల్లోనే నల్లబడ్డాయి. పుస్తకంలో 'ఊడల దశలో చెమ్మ తప్పనిసరి' అన్న వాక్యాన్ని ఆమె పదిసార్లు చదివింది. ఆ వాక్యం ఇలా ఉంటుందని మాత్రం ఇప్పుడే చూడటం.

"ఏ చెక్క మీది?" అని అడిగింది.

"వెయ్యిన్నూట ఇరవయ్యొకటి మేడం." ఓబులేసు ఆ సంఖ్యను తన ఇంటిపేరు చెప్పినట్టు చెప్పాడు. "నేను చిన్నోణ్ణి గదా."

అది కట్టరులు రాసిన పుస్తకాల్లో ఎక్కడా లేని సంగతి. అన్నదమ్ములు చేను పంచుకుంటే పాత సంఖ్య పెద్దవాడి భాగానికి పోతుంది, చిన్నవాడి భాగానికి కొత్త సంఖ్య పుడుతుంది. కొత్తవన్నీ వెయ్యికి అవతలే. అలా నలభై ఏళ్లలో ఊరూరా రెండో బంతంతా చిన్నవాళ్లతో నిండిపోయింది. ఒకే గట్టుకు అటు అన్న చేను పచ్చగా, ఇటు తమ్ముడి చేను ఎండి. పెద్దోడికి వాన, చిన్నోడికి కబురు అని సామెతే పుట్టేసింది. నాలుగేళ్లుగా ఆ సామెత చెల్లనిది ఒక్క గుండ్లవంకలోనే.

అలివేలు గడియారం చూసింది. తొమ్మిదీ ముప్పై ఎనిమిది. దస్తగిరమ్మ వేలు ఎనిమిది వందల దగ్గర ఉంది.

"పది లోపు పంపేయండి," అంది అలివేలు.

"ఏంటికి?"

"పది తర్వాత జోడీలు చెల్లవు."

దస్తగిరమ్మ ఒక్కసారి కళ్లద్దాల పైనుంచి ఆమె వైపు చూసి, మళ్లీ పలక మీదికి వంగింది. ఓబులేసు సంఖ్యలు చదవసాగాడు, ఆమె వేళ్లు కళ్లతో పనిలేకుండా పరుగెత్తాయి. తొమ్మిదివందలు. వెయ్యి. వెయ్యిన్నూరు. అలివేలు తన రెండు చేతులూ ఒళ్లో బిగించి కూర్చుంది. అతుకు వెనక్కి తీసుకోవాలంటే ముగ్గురు పెద్దల ముద్రలు కావాలి, ఆ ముగ్గురూ ఇప్పుడు మూడు ఊళ్లలో ఉంటారు. తను వేసిన ముడి ఎంత గట్టిదో తనకే తెలుసు. చివరి జోడీ తొమ్మిదీ యాభై ఎనిమిదికి పడింది. అడుగు వెళ్లింది. కోశం గడప దగ్గర రెండు నిమిషాలు నిలబడింది.

పదీ ఒక నిమిషానికి జవాబు వచ్చింది. 'విలువలు 2,328. కట్టు మించింది.'

జోడీలో రెండో దాన్ని కూడా కోశం లెక్కపెట్టేసింది. తోడుపెళ్లికొడుకులందరికీ ఆకులు వేసేశారన్నమాట.

దస్తగిరమ్మ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"ఈ అతుకేసింది నువ్వేనా మ్మా?"

మేడం కాస్తా 'మ్మా' అయింది. అలివేలుకు అది తిట్టులాగా వినబడలేదు. "నేనే," అంది.

"బాగ కుట్టినావు. కుట్టు కానరాలేదు." నిజంగానే మెచ్చుకుంది. పనిమంతురాలు ఇంకో పనిమంతురాలి పని చూసి అనే మాట అది, అందులో వెటకారం లేదు. అందుకే అలివేలు తల వంచుకుంది. తిట్టినా ఇంతకంటే బాగుండేది.

ఓబులేసు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అంటే ఈసారి మాకు లేనట్టేనా?"

"గమ్మునుండు అన్నా, ఇంకా పన్నెండు కాలేదు."

ఆమె పాత పద్ధతి బయటికి తీసింది. వెయ్యిమందిని ఒక బంతి, నూట అరవై నాలుగుమందిని ఇంకో బంతి కట్టి, మధ్యలో 'లేదా' పెట్టి రెంటినీ ఒకే అడుగులో కుట్టింది. ఏ బంతీ వెయ్యి దాటలేదు కాబట్టి కట్టు తెగలేదు. కోశం లోపలికి తీసుకుంది కూడా. అలివేలుకు ఆశ పుట్టింది. కానీ ఆ పద్ధతిలో కోశం ఒక్కో చెక్క దగ్గరా ఆగి, మొదటి బంతిలో ఉందా, లేదా రెండో బంతిలో ఉందా అని మొత్తం మొదటినుంచీ వెతుక్కోవాలి. కోశంలో ఉన్నవి ఏడు లక్షల చెక్కలు. వంతులవాళ్లు వెనక నిలబడి ఉండగా ఒకే అడుగు దగ్గర అంతసేపు అది కూర్చోదు. నలభై నిమిషాలు 'చూస్తున్నాను' అని చూపించి, పదకొండుకు అయిదు నిమిషాలుందనగా తేల్చేసింది. 'ఊపిరి చాలలేదు. అడుగు వదిలేశాను.'

ఇక నిబంధన ఒప్పుకునేది ఒకటే. చివరి నూట అరవై నాలుగూ తీసేసి పంపడం.

దస్తగిరమ్మ వేలు వెయ్యో సంఖ్య కింద గీత గీయడానికి సిద్ధంగా ఆగింది. ఆ గీత కిందున్న ఒక్కో సంఖ్య వెనకా ఒక మొహం ఆమెకు తెలుసు. నాలుగేళ్లుగా వాళ్ల పిల్లలు బడికి వెళుతున్నారు, ఎవరూ బెంగుళూరు బండెక్కలేదు. ఆమె మొహంలో మొదటిసారి అలసట కనిపించింది.

"నా ఒక్కంది తీసెయ్‌," అన్నాడు ఓబులేసు. "నాదెట్లాగూ మాడింది."

"నీది తీసేస్తే ఇంకా నూట అరవై మూడుండాయి అన్నా. ఆ త్యాగం ఇంకో రకంగా చెయ్‌, పోయి నాకు వేడిగా టీ తీసుకురా."

అతను కదల్లేదు. ఆమే మళ్లీ మాట్లాడింది, తనలో తను అనుకుంటున్నట్టు. "కోశానికి వాన ఇచ్చేదానికి కష్టం గాదు. మన పిలుపు పొడుగైతాంది. ఆడ ఉండాది తంటా. ఓబులేసన్నా, నీ కొడుకు పెండ్లిలో ఆడపెండ్లోళ్ల తరపున మిమ్మల్ని బువ్వకు పిలిచింది ఎవురు?"

"నువ్వే గదా."

"మీరు నాలుగొందల మంది ఉంటిరి. పేరు పేరునా పిలిస్తినా?"

"యాడ పిలుస్తావు. మేమంతా విడిదింట్లో ఉంటిమి. నువ్వు గడపలో నిలబడి, ఆకులేసినారు అందురూ లేయండి అంటివి."

"ఒకటే మాట." దస్తగిరమ్మ అలివేలు వైపు తిరిగింది. "కోశం లోపల మనోళ్లను దింపుకునేదానికి రోంత జాగా ఏమన్నా ఉందా మ్మా? విడిది మాదిరి?"

లేదు అనబోయి అలివేలు ఆగిపోయింది.

ఉంది. ప్రతి అడుగరి పేరు మీదా కోశం లోపల ఒక చిత్తుగది ఉంది. పాతకాలంలో కూడికలు తీసివేతలు వేసుకోవడానికి ఇచ్చింది. సాయంత్రం ఆరింటికి దానంతటదే తుడుచుకుపోతుంది. పలకలు తెలివిమీరాక దాని గడప తొక్కినవాడు లేడు. తను కట్టరిగా చేరిన కొత్తలో ఏ అరకు ఎంత కట్టు ఉందో రాసిన చిట్టా బట్టీపట్టింది. చిత్తుగది ఎదురుగా ఏమీ రాసి లేదు. కట్టు పెట్టాలని ఎవరికీ తోచలేదు మరి.

"ఉందండీ," అంది. "తాళం కూడా లేదు."

తర్వాతి పని ఇద్దరూ కలిసి చేశారు. ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియనంత వేగంగా సాగింది. చెక్కల సంఖ్యలను రెండు బంతులుగానే లోపలికి పంపాల్సి వచ్చింది, గడప దగ్గర కట్టు ఇంకా కట్టే కదా. మొదట వెయ్యి వెళ్లాయి, వెనకే నూట అరవై నాలుగు. కానీ లోపలికి పోయాక అందరూ ఒకే చాప మీద కూర్చున్నారు. ముందొచ్చిందెవరు, వెనకొచ్చిందెవరు అని చిత్తుగది గోడలు అడగవు. సంఖ్యలు వాటంతటవే వరసలో సర్దుకున్నాయి. ఇక అడుగు రాయాలి. దస్తగిరమ్మ రాసింది. 'చిత్తుగదిలో ఉన్నవాళ్లందరికీ వాన.'

"అంతేనా?" అన్నాడు ఓబులేసు అనుమానంగా. నాలుగేళ్లుగా గంటకు పైగా పట్టే పనిని ఒక్క వాక్యంలో ముగించడం అతనికి నచ్చినట్టు లేదు.

"అంతే."

పదకొండూ ముప్పై ఎనిమిదికి పంపింది. చెయ్యి పలక మీదినుంచి తీసేలోపే జవాబు వచ్చేసింది. 'విలువలు 1. చెక్కలు 1,164. తెర మంజూరు.'

అలివేలు ఆ మూడు ముక్కలనూ మళ్లీ మళ్లీ చదివింది. ఇంత వేగం ఆమె ఎన్నడూ చూడలేదు. బయటినుంచి ఒక జాబితా పట్టుకొచ్చి ఇందులో ఉందా అందులో ఉందా అని అడిగితే కోశానికి ప్రతిసారీ కొత్త వెతుకులాట. ఈ సంఖ్యలు దాని సొంత ఇంట్లోనే, దాని సొంత వరసలోనే కూర్చుని ఉంటే, సర్దిన రెండు పేకకట్టలను పక్కపక్కన పెట్టి చూసినట్టు ఒక్క చూపులో తేల్చేసింది. దీనికి ఇంజినీరు బుర్ర అక్కర్లేదు, పెళ్లిళ్లలో పెత్తనం చేసిన అనుభవం చాలు. ఆ మాట పైకే అంది. దస్తగిరమ్మ సిగ్గుపడి, "ఊరుకో మ్మా" అంది.

అయితే అలివేలు కళ్లు ఇంకో చోట చిక్కుకున్నాయి. ప్రతి జవాబు కిందా ఒక సన్నటి గీత మీద 'అడగని మిగులు' అని ఒక సంఖ్య ఉంటుంది. ఆమె రోజూ చూసే సంఖ్యే. గడియారం కింద కంపెనీ పేరును ఎవరూ చదవనట్టే దాన్నీ ఎవరూ చదవరు. ఏదో జాగ్రత్త కోసం దాచిన నిల్వ అనుకునేది. ఇవాళ నూట అరవై నాలుగు చెక్కలు అదనంగా తడవబోతున్నాయి, మరి ఆ సంఖ్య ఎంత తగ్గింది? చివరి అంకె కదిలింది. మిగతావి కదల్లేదు.

ఎవరూ అడగని తెరలు ఏమవుతాయో ఆమెకు తెలుసు. గాలిపడవలు వాటిని తూర్పుకు తోసి సముద్రం మీద వదిలేస్తాయి.

ఆ మధ్యాహ్నం ఆమె భోజనం ముందు పెట్టుకుని కోశం పుట్టుకపత్రాలు తిరగేసింది. కట్టరులకు అవి చూసే హక్కుంది, చూసే అవసరమే ఎవరికీ పడలేదు. వేయికట్టు గురించి శాస్త్రమో, ఆకాశం కొలతో, ఏదో ఒక పెద్ద లెక్క ఉంటుందనుకుంది. నలభై ఆరేళ్ల కిందటి పుటలో ఒకే ఒక వాక్యం దొరికింది. 'ప్రశ్న మరీ పొడవైతే చదవడం కష్టంగా ఉంది. తాత్కాలికంగా వెయ్యి. తర్వాత చూద్దాం.'

తర్వాత ఎవరూ చూడలేదు. మన దగ్గర తాత్కాలికం అని పేరు పెట్టినదానికి ఉన్నంత ఆయుష్షు దేనికుంది. ఎవరో ఒక ఇంజినీరు, బహుశా ఇంటికి వెళ్లే తొందరలో, అడిగే నోటికి కట్టిన కట్టును జనం ఇచ్చే చేతికి కట్టిందనుకున్నారు. దాని మీద పాఠాలు రాశారు, వరసలు పెట్టారు, తమ్ముళ్లను ఎండబెట్టారు. తను ముద్ర వేసుకుని కాపలా కాసింది. అలివేలుకు అన్నం సహించలేదు. సిగ్గు, కోపం ఒకటిగా వచ్చాయి, ఎవరి మీద కోపమో తేలలేదు.

మూడింటికి తెర వచ్చింది. ముందు పడమటి గుట్టల మీద నీడ పడింది, తర్వాత గాలిపడవల సన్నటి రొద వినిపించింది, ఆ తర్వాత ఒక్కసారిగా ఊరంతా చినుకుల చప్పుడు. ముగ్గురూ కచేరి అరుగు మీద నిలబడ్డారు. ఎదురుగా కనిపించేది ఓబులేసు చేను, దాని గట్టుకు అవతల అతని అన్న చేను. వాన ఆ గట్టు మీదినుంచి అటూ ఇటూ ఒకేలా పడుతోంది. ఓబులేసు వానలోకి దిగి, చేనుకు అడ్డంపడి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. అలివేలుకు కళ్లు నిండాయి. తుడుచుకోలేదు, వాన జల్లు అనుకుంటారులే అని కూడా అనుకోలేదు.

"ఇంగ నువ్వు పోయి రాసుకో మ్మా," అంది దస్తగిరమ్మ. "విడిది సంగతి. రాయాల గదా."

రాయాలి. కన్నం కనిపెట్టిన కట్టరి ఆరు లోపు అతుకుపుస్తకంలో దాన్ని రాసి తీరాలి. రాస్తే రేపు పొద్దుటికి చిత్తుగదికి తలుపు, తలుపుకు తాళం, తాళానికి ఒక ముద్ర వచ్చేస్తాయి.

"మీకు భయం లేదా?"

"నువ్వు కట్టరివి, నీ పని నువ్వు చేస్తావు. నేను అడుగరిని, మల్ల ఇంకో దావ చూసుకుంటా." దస్తగిరమ్మ చల్లారిన టీ వానలోకి పారబోసింది. "దొరక్కపోతాదా. దొరికేదాకా ఆ నూట అరవై నాలుగూ ఏమైతాయో అదొక్కటే బాధ."

అలివేలు లోపలికి వచ్చి పలక ముందు కూర్చుంది. అతుకుపుస్తకం తెరిచింది. రాయకుండా ఊరుకుంటే? గుండ్లవంక బతుకుతుంది. కానీ తనలాంటి ఇంకో కట్టరి ఇంకో మూడు నెలలకు కనిపెడతాడు, కుట్టు కానరాకుండా అతుకు వేస్తాడు. పైగా గుండ్లవంక ఒక్కటే ఊరా? మిగతా ఏడువందల పన్నెండు ఊళ్ల రెండో బంతి చిట్టా తెరిచి చూసింది. తొంభై ఒక్క వేల చెక్కలు. ఇవాళ వాటన్నిటిలో ఊడలు గాల్లో వేలాడుతున్నాయి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్లు నలభై ఆరేళ్లుగా అడగడానికి నోరు తెరుస్తూనే ఉన్నారు, ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది తనలాంటివాళ్లు.

ఆమె అతుకుపుస్తకం మూసేసింది. ఉదయపాఠం తెరిచింది.

ఉదయపాఠం అడుగరులందరికీ వెళ్లే కాగితం. పద్ధతిలో చిన్నచిన్న సవరణలుంటే కట్టరి ముద్రతో అందులో వేస్తారు. ముద్ర పడిందంటే అది కన్నం కాదు, పద్ధతి. దాన్ని మూయాలంటే ముందు ఆ కట్టరి ముద్ర రద్దు చేయాలి, దానికి విచారణ జరగాలి, విచారణకు వారమైనా పడుతుంది. ఊడలు దిగడానికి వారం చాలు. తన ముద్ర మాత్రం ఇక తిరిగి రాదని ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్లు చదివి సంపాదించిన ముద్ర అది.

రాయడం మొదలుపెట్టింది. 'చెక్కలు వెయ్యి దాటినప్పుడు జాబితాను అడుగులో పెట్టకండి. ముందుగా చిత్తుగదిలోకి...'

వెనకనుంచి దస్తగిరమ్మ చదువుతోంది. ఏం జరుగుతోందో అర్థం కావడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు, నమ్మడానికి పట్టింది.

"నీ ఉద్యోగం పోతాది గదా మ్మా."

"పోతుంది. మీ పేరు వేయమంటారా? కనిపెట్టింది మీరే."

"పేరేంటికి. రాసేదైతే సరిగ్గా రాయి." దస్తగిరమ్మ వంగి వేలితో ఒక మాటను తాకింది. "చిత్తుగది అని రాయాకు. కూడికల గది అనుకుని ఎవురూ ఆ పక్కకే పోరు. విడిది అని రాయి. మా అడుగరులు సగం మంది ఆడోళ్లు, పెండ్లిళ్లు చేసినోళ్లు. ఆ ఒక్క మాట సూస్తే ఏం చేయాల్నో వాళ్లకే తెలిసిపోతాది."

అలివేలు ఆ మాట కొట్టేసి విడిది అని రాసింది. నిజమే, ఆ తర్వాత రాయాల్సింది రెండు వాక్యాలే మిగిలింది. మీవాళ్లను విడిదిలో దింపండి. గడపలో నిలబడి అందరినీ ఒక్క మాటతో పిలవండి.

రేపటి వరకు ఆగితే ఎవరైనా చూసి ఆపేస్తారు. 'ఇప్పుడే' అన్నది ఎంచి, అయిదూ ఇరవైకి ముద్ర వేసింది.

రెండు నిమిషాలు ఏమీ కాలేదు. తర్వాత పలక అంచున ఒక చుక్క వెలిగింది. ఎక్కడో కొండలవతల ఊరినుంచి ఒక అడుగరి రాసింది. 'మావి రెండువేల మూడువందల పది చెక్కలు. అందర్నీ దింపవచ్చునా?'

'దింపండి, ఆరు దాటితే తుడుచుకుపోతుంది కాబట్టి రేపు పొద్దున,' అని రాసింది అలివేలు.

ఇంకో చుక్క వెలిగింది. తర్వాత నాలుగు. తర్వాత పలక అంచంతా చుక్కలే. ప్రధాన కచేరినుంచి పిలుపు మోగడం మొదలైంది, ఆమె దాన్ని మోగనిచ్చింది. దస్తగిరమ్మ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఒక్కో ప్రశ్ననూ పైకి చదవసాగింది. దాదాపు అన్నీ ఒకే ప్రశ్న, చెక్కల సంఖ్య ఒక్కటే తేడా. దింపండి, దింపండి అని అలివేలు వేళ్లు రాస్తూ పోయాయి. అంతలో దస్తగిరమ్మ చదవడం ఆపేసింది.

"దీనికి నువ్వే చెప్పాల మ్మా."

ఊరి పేరు లేదు, మనిషి పేరు లేదు. ఒక్కటే వాక్యం. 'అందరం ఒకేసారి అడిగితే అందరికీ సరిపోతుందా మేడం?'

ఈ ఏటి మిగులు ఎంతో అలివేలుకు తెలుసు. వచ్చే ఏడు ఎంత ఉంటుందో కోశానికే తెలియదు. సరిపోతుంది అని ఒక్క మాట రాస్తే అవతలి మనిషి నిశ్చింతగా నిద్రపోతుంది. కానీ తెలియని లెక్కను తెలిసినట్టు చెప్పడం వల్లనే సంగతి ఇంత దూరం వచ్చింది. అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు.

'నాకు తెలియదండీ,' అని రాసింది. 'ఇన్నేళ్లుగా అందరికీ అని ఎవరూ అడగలేదు. రేపు పొద్దున మీరే అడగండి.'